‘ఓకే సర్, వస్తాను’ అని పంపితే సరిపోతుందా?

ప్రశ్న: గుంటూరులో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో రెండేళ్లుగా పనిచేస్తున్నాను. బీకాం కంప్యూటర్స్ చదివాను. ట్యాలీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎంట్రీలు, జీఎస్టీ రిటర్నులు, టీడీఎస్ (చెల్లింపుల్లోంచి ముందే కోసి కట్టే పన్ను) నా పనే. హైదరాబాద్‌లో ఒక కంపెనీలో అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్ పోస్టుకి దరఖాస్తు పెట్టాను. శుక్రవారం సాయంత్రం ఆరున్నరకి మెయిల్ వచ్చింది. ఆగస్టు 4, మంగళవారం ఉదయం 11 గంటలకి మాదాపూర్ ఆఫీసుకి ఇంటర్వ్యూకి రమ్మన్నారు. వస్తున్నదీ లేనిదీ సోమవారం సాయంత్రంలోగా చెప్పమన్నారు. ఇప్పటి జీతం, ఆశించే జీతం, నోటీస్ పీరియడ్ కూడా రాయమన్నారు. ‘ఓకే సర్, ఐ విల్ కమ్’ అని టైప్ చేసి పంపబోతుంటే మా తమ్ముడు ఆపాడు. చూస్తే కింద సంతకంలో ఉన్నది మేడమ్ పేరు! మెయిల్‌తో పాటు క్యాలెండర్ ఇన్విటేషన్ వస్తే అందులో ‘ఎస్’ నొక్కేశాను. అది చాలదా? నెల మొదటి వారం మాకు ఊపిరాడనంత పని. తేదీ మార్చమని అడగొచ్చా? అడిగితే ఉన్న అవకాశం కూడా పోతుందేమోనని భయంగా ఉంది. ఈ మెయిల్ నిజమైనదో కాదో ఎలా తెలుసుకోవాలో కూడా చెప్పండి.
– ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: మీ తమ్ముడు మంచి పని చేశాడు. ‘ఓకే సర్’లో సర్ అన్న తప్పు చిన్నది. అంతకన్నా పెద్ద లోపం, అవతల ఆ మెయిల్ చదివే మనిషికి అది పనికిరాకపోవడం. ఇంటర్వ్యూలు కుదిర్చే హెచ్ఆర్ ఉద్యోగి ముందు మామూలుగా ఒక ఎక్సెల్ షీటు ఉంటుంది. పేరు, పోస్టు, తేదీ, టైము, ఇంటర్వ్యూ చేసేవాళ్ల పేర్లు, చివర్లో ‘కన్ఫర్మ్’ అనే గడి. ఒకే వారంలో నాలుగైదు పోస్టులకి మనుషుల్ని పిలుస్తుంటారు. ‘ఓకే సర్, ఐ విల్ కమ్’ అని వస్తే ఎవరు, ఏ పోస్టుకి, ఎన్నింటికి అని ఆమె మళ్లీ వెనక్కి వెళ్లి వెతుక్కోవాలి. ఎందుకు ఖర్చయిందో చెప్పే వివరణ (నరేషన్) లేని వోచర్ చేతికొస్తే మీకెలా ఉంటుందో ఆమెకీ అలాగే ఉంటుంది. మీ మెయిల్ ఒక్కసారి చూసి, ఇంకేమీ తెరవకుండా ఆ వరస మొత్తం నింపేయగలిగితే మీ జవాబు సరిగ్గా ఉన్నట్టు. ఏది రాయాలి, ఏది వదిలేయాలి అని సందేహం వచ్చిన ప్రతిసారీ ఆ షీటునే గుర్తు చేసుకోండి.

రాసే ముందు తేదీ సంగతి తేల్చుకోవాలి. మీ విషయంలో నా సలహా, మార్చమని అడగొద్దు. జులై టీడీఎస్ కట్టడానికి 7 వరకూ, అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీ రిటర్ను జీఎస్టీఆర్-1కి 11 వరకూ గడువుంది. 1వ తేదీ శనివారం, 3వ తేదీ సోమవారం ఈ రెండు రోజుల్లో టీడీఎస్ లెక్కలు తేల్చి, చలానాలు కట్టడానికి సిద్ధం చేసి పెడితే 4న ఒక్కరోజు సెలవు అడగడంలో తప్పేమీ లేదు. తేదీ మార్చమన్నందుకే కోపగించుకుని ఎవరూ పేరు కొట్టేయరు, ఆ భయం అక్కర్లేదు. చిక్కల్లా ఏమిటంటే, ఇంటర్వ్యూ చేసే ఇద్దరు ముగ్గురికీ కలిసి ఖాళీ దొరికిన గంట అది. మళ్లీ అలాంటి గంట కుదరడానికి వారం పట్టొచ్చు. ఈలోగా 4న వచ్చినవాళ్లలో ఒకరు నచ్చితే పోస్టు అక్కడికక్కడే నిండిపోతుంది.

సెలవు దొరుకుతుందో లేదో ముందు తెలుసుకోండి. ఆడిటర్ గారికి ‘సొంత పని మీద హైదరాబాద్ వెళ్లాలి’ అంటే చాలు, అంతకు మించి చెప్పాల్సిన బాధ్యత లేదు. లేని జ్వరాలు, పెళ్లిళ్లు కల్పించొద్దు. అకౌంట్స్ వృత్తిలో ఒకరికొకరు తెలిసినవాళ్లే ఎక్కువ. రేపు కొత్త కంపెనీవాళ్లు మీ గురించి ఫోన్ చేసి అడిగేది ఆయన్నే కావచ్చు. శనివారం సాయంత్రానికి సెలవు ఖాయమైతే అప్పుడే మెయిల్ పంపేయండి. ఆదివారం పంపినా నష్టం లేదు, సోమవారం ఉదయం ఆమె కంప్యూటర్ తెరిచేసరికి అది కనిపించాలి, అంతే. సోమవారం సాయంత్రం గడువు కదా అని ఐదింటిదాకా ఆగడం మాత్రం మంచిది కాదు. అర్ధరాత్రి పంపడం బాగుండదనిపిస్తే జీమెయిల్‌లో సెండ్ బటన్ పక్కనున్న చిన్న బాణం గుర్తు నొక్కితే ‘షెడ్యూల్ సెండ్’ వస్తుంది. సోమవారం ఉదయం 8 గంటలకి అని పెట్టేస్తే ఆ టైముకి అదే వెళ్తుంది.

నిజంగా వీలుకాని సందర్భాలు ఉంటాయి. సెమిస్టర్ పరీక్ష, ముందే కుదిరిన ఆపరేషన్, ఇంట్లో పెళ్లి. అప్పుడు అడగాల్సిందే. కారణం ఒక్క వాక్యం. ఆ వెంటనే మీరు రాగలిగే రెండు మూడు వేళలు తేదీ, వారం, గంటలతో సహా ఇవ్వండి. ‘ఆగస్టు 5 బుధవారం రోజంతా, 6 గురువారం మధ్యాహ్నం 2 నుంచి 5 వరకు రాగలను’ అన్నట్టు. చాలామంది మర్యాద అనుకుని ‘వచ్చే వారం ఎప్పుడైనా పర్లేదండీ’ అని రాస్తారు. అది ఆవిడ పని పెంచుతుంది తప్ప తగ్గించదు. మళ్లీ ఒక తేదీ వెతికి, మళ్లీ మిమ్మల్ని అడిగి, మళ్లీ జవాబు కోసం చూడాలి. మార్పు అడగడం ఒక్కసారికే. రెండోసారి అడిగే పరిస్థితి వస్తే మెయిల్ కాదు, ఫోన్ చేసి మాట్లాడాలి.

ఇక మెయిల్. కొత్త మెయిల్ మొదలుపెట్టకండి, ఆమె పంపిన దానికే రిప్లై ఇవ్వండి. సబ్జెక్ట్ లైను కదిలించొద్దు. అందులో పోస్టు పేరో, ఏదైనా నంబరో ఉంటుంది, వాళ్లు వెతుక్కునేది దానితోనే. సీసీలో ఇంకెవరైనా ఉంటే ‘రిప్లై ఆల్’ నొక్కండి. వాళ్లని చేర్చింది ఆ మేడమే కాబట్టి తీసేయడం మీ పని కాదు. మీ ఆడిటర్ గారి ఆఫీసు మెయిల్ నుంచి మాత్రం ఎప్పుడూ పంపొద్దు.

పంపే ముందు మీ మెయిల్ పేరు ఎలా కనిపిస్తోందో చూసుకోండి. ఇంటర్ చదివేటప్పుడు తెరిచిన అకౌంట్లలో ముద్దుపేర్లు, హీరోల పేర్లు ఉండిపోతాయి. కొందరివి నాన్న పేరుతోనో అన్న పేరుతోనో ఉంటాయి. హెచ్ఆర్ ఇన్‌బాక్స్‌లో ముందు కనిపించేది ఆ పేరే. షీటులో మీ రెజ్యూమేలోని పేరుంటే, ఇన్‌బాక్స్‌లో ‘బుజ్జి’ అని ఉంటే వెతికినా దొరకదు. జీమెయిల్ సెట్టింగ్స్‌లో అకౌంట్స్ అనే చోట ‘సెండ్ మెయిల్ యాజ్’ ఎదురుగా పేరు మార్చుకోవచ్చు, కంప్యూటర్‌లో అయితే రెండు నిమిషాల పని. రెజ్యూమేలో, ఆధార్‌లో, మార్కుల మెమోల్లో పేరు ఒకే స్పెల్లింగుతో ఉందో లేదో కూడా ఇప్పుడే చూసుకోండి. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు సరిపోల్చేది వాళ్ల జాబితాలోని పేరుని మీ గుర్తింపు కార్డుతోనే.

సంబోధన దగ్గర మనవాళ్లు బాగా తడబడతారు. ‘రెస్పెక్టెడ్ సర్’ అని మొదలుపెట్టి ‘యువర్స్ ఒబీడియెంట్లీ’ అని ముగించడం స్కూల్లో లీవ్ లెటర్ రాసిన అలవాటు. ఉద్యోగం అడగడానికి వెళ్తున్నామే తప్ప సెలవు చీటీ ఇవ్వడం లేదు. సంతకంలో ఏ పేరుంటే ఆ పేరుకి ముందు ‘డియర్’ చేర్చి కామా పెడితే చాలు. మన పేర్లలో ఇంటిపేరు ముందు పొడి అక్షరంగా ఉంటుంది, అందుకే ‘డియర్ మిస్ కె’ లాంటి వింత సంబోధనలు పుడుతున్నాయి. పేరు ఆడో మగో తేలకపోతే మిస్, మిస్టర్ జోలికి పోకుండా పూర్తి పేరు రాయండి. స్పెల్లింగు చేత్తో టైపు చేయొద్దు, ఆమె సంతకంలోంచి కాపీ చేసి అతికించండి. లక్ష్మిని ఇంగ్లిషులో ఎన్ని రకాలుగా రాస్తారో మీకు తెలుసు.

మెయిల్ వెళ్లాల్సింది ఇంగ్లిషులోనే. కానీ ఏం చెబుతున్నామో ముందు తెలుగులో తేల్చుకుంటే వాక్యాలు సూటిగా వస్తాయి. మీరు రాయాల్సింది ఇంత:

‘అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్ పోస్టు ఇంటర్వ్యూకి పిలిచినందుకు కృతజ్ఞతలు. ఆగస్టు 4, మంగళవారం ఉదయం 11 గంటలకి మీ మాదాపూర్ ఆఫీసులో హాజరవుతాను.

మీరు అడిగిన వివరాలు: ప్రస్తుత జీతం సంవత్సరానికి ఇంత. ఆశిస్తున్నది సంవత్సరానికి ఇంత. నోటీస్ పీరియడ్ 30 రోజులు.

నేను గుంటూరు నుంచి వస్తున్నాను. అన్ని రౌండ్లూ ఆ రోజే పూర్తవుతాయా, సుమారు ఎంతసేపు పడుతుందో తెలిపితే తిరుగు ప్రయాణం చూసుకుంటాను. ట్యాలీ, ఎక్సెల్ పరీక్ష ఉంటే లాప్‌టాప్ తెచ్చుకోవాలా?’

కింద మీ పూర్తి పేరు, ఫోన్ నంబరు. అంతే. ఫోన్ తెర మీద ఒక్కసారి వేలితో జరిపితే అయిపోయేంత ఉండాలి. మీ అనుభవం, మీ ఆసక్తి, కంపెనీ మీద గౌరవం ఇవన్నీ ఇక్కడ అక్కర్లేదు. వాటికోసమే గంటసేపు ఎదురుగా కూర్చోబెడుతున్నారు.

తేదీ, వారం, గంట మూడూ తిరిగి రాయమన్నది ఊరికే కాదు. ఒక్కోసారి హెచ్ఆర్ మెయిల్లోనే తేదీకీ వారానికీ పొంతన ఉండదు. 4 అని రాసి సోమవారం అంటారు. లేదా మెయిల్లో 11 అని, క్యాలెండర్‌లో 11:30 అని ఉంటుంది. మీరు మూడూ రాసేటప్పుడు ఆ తేడా మీకే దొరుకుతుంది, అప్పుడు ఏది సరైనదో అడిగేయొచ్చు. తేదీని 04/08 అని అంకెల్లో రాయొద్దు. అమెరికా కంపెనీల పద్ధతిలో అది ఏప్రిల్ 8. నెల పేరు అక్షరాల్లో రాస్తే ఆ గొడవే ఉండదు.

ఇంగ్లిషులో ఒక మాట మాత్రం పొరపాటున కూడా రాయకండి. ‘ఐ విల్ ట్రై టు అటెండ్’. మనం ‘ప్రయత్నిస్తానండీ’ అంటే అందులో వినయం ఉంది, వస్తామనే అర్థం. హెచ్ఆర్ దాన్ని రాకపోవచ్చు అని చదువుతుంది. కన్ఫర్మ్ గడిలో ప్రశ్నార్థకం పెట్టి, మీ స్థానంలో ఇంకొకరిని సిద్ధంగా ఉంచుకుంటుంది. ‘ఐ కన్ఫర్మ్ మై అటెండెన్స్’ లేదా ‘ఐ విల్ అటెండ్’ అని తేల్చి రాయండి. ‘కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్’ కూడా వద్దు, ఏం చేయాలో ఆమెకి తెలియదు.

జీతం గడుల దగ్గర తప్పు జరిగితే దాని ఫలితం చాలాదూరం వస్తుంది, కాబట్టి నిదానంగా నింపండి. కంపెనీలు అడిగే సీటీసీ (ఉద్యోగి మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు) సంవత్సరం లెక్క. చిన్న ఆఫీసుల నుంచి వెళ్లేవాళ్లు అలవాటుగా నెల జీతం రాసేస్తారు. మీకు నెలకి 16,000 వస్తే రాయాల్సింది 1,92,000, అంటే 1.92 లక్షలు. దసరాకి బోనస్ ఇస్తే అది కలపండి, కలిపానని పక్కన రాయండి. ఎక్కువ చేసి రాయాలనే ఆశ ఇక్కడే పుడుతుంది. వద్దు. ఆఫర్ ఇచ్చే ముందు పే స్లిప్పులు, మూడు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్ అడగడం మామూలే. జీతం నగదుగా ఇస్తుంటే అడిగినప్పుడు ఆ మాటే చెప్పండి. ఆడిట్ ఆఫీసుల సంగతి అకౌంట్స్ మేనేజర్లకి తెలియనిది కాదు. ఆశించే జీతం దగ్గర ‘యాజ్ పర్ కంపెనీ నార్మ్స్’ అని తప్పించుకుంటే అది కనుక్కోవడానికి మళ్లీ ఫోన్ చేస్తారు, అప్పుడు ఆలోచించుకునే వ్యవధి ఉండదు. హైదరాబాద్‌లో హాస్టల్ ఖర్చు, రానుపోనూ, ఇంటికి పంపేది లెక్కేసుకుని ఒక అంకె రాయండి. నోటీస్ పీరియడ్ విషయంలో, మీకు అపాయింట్‌మెంట్ లెటర్ ఉంటే అందులో ఉన్నదే రాయాలి. లేకపోతే పని అప్పగించి రావడానికి నిజంగా ఎన్ని రోజులు కావాలో అంత. ‘ఇమ్మీడియట్’ అని రాస్తే ముందు వరసలో ఉంటామని చాలామంది అలా రాసేస్తున్నారు. తీరా ఆఫర్ వచ్చాక నెల రోజులు కావాలంటే అసలుకే ఎసరొస్తుంది.

ప్రశ్నలు రెండు, మహా అయితే మూడు. వేరే ఊరి నుంచి వచ్చేవాళ్లకి రౌండ్ల సంగతి, ఎంతసేపన్న సంగతి అడిగే హక్కుంది, ఎవరూ తప్పుపట్టరు. మెయిల్లో చిరునామా అసంపూర్తిగా ఉంటే దాని గురించీ అడగండి. మాదాపూర్ అన్నంతమాత్రాన సరిపోదు. అక్కడి ఐటీ పార్కుల్లో ఒకే ఆవరణలో బిల్డింగులు నంబర్ల వారీగా ఉంటాయి, ఒకే కంపెనీకి రెండు మూడు చోట్ల ఆఫీసులుంటాయి. బిల్డింగ్ నంబరు, అంతస్తు, గేటు దగ్గర ఎవరి పేరు చెప్పాలి, ఇవి తెలియకపోతే పదిన్నరకే చేరినా పదకొండుంపావుకి కూడా లోపలికి వెళ్లలేరు. జీతం ఎంతిస్తారు, శనివారం సెలవేనా, దారి ఖర్చులు ఇస్తారా అన్నవి ఈ మెయిల్లో వద్దు. దారి ఖర్చులిస్తామని వాళ్లే రాసి ఉంటే మాత్రం టికెట్ దాచుకోండి.

రెజ్యూమే అడగకపోతే మళ్లీ పంపనక్కర్లేదు. దరఖాస్తు పెట్టాక ఏదైనా మార్చి ఉంటే కొత్తది జతచేసి, మార్చానని ఒక ముక్క రాయండి. ఫైలు పేరులో మీ పేరుండాలి. ‘రెజ్యూమే ఫైనల్ న్యూ 2’ లాంటివి ఆమె కంప్యూటర్‌లో ఇప్పటికే బోలెడు ఉంటాయి.

క్యాలెండర్‌లో ‘ఎస్’ నొక్కారు, మంచిదే. మీ ఫోన్‌లో ఆ రోజు గుర్తు చేస్తుంది కూడా. కానీ ఆ జవాబు ఇన్విటేషన్ ఎవరి అకౌంట్ నుంచి వచ్చిందో వాళ్లకి వెళ్తుంది. అది హెచ్ఆర్ మేడమ్ కాకుండా ఇంటర్వ్యూ చేసే మేనేజర్ కావచ్చు. పైగా జీతం వివరాలు అందులో ఇవ్వలేరు. కాబట్టి రెండూ ఉండాలి.

మెయిల్ నిజమైనదేనా అని అడిగారు, అడగాల్సిన ప్రశ్నే. మీరు దరఖాస్తు పెట్టిన పోస్టుకే పిలుపు వచ్చింది, డబ్బు మాట లేదు, ఆఫీసుకి రమ్మన్నారు. ఇవన్నీ మంచి గుర్తులు. అయినా రెండు పనులు చేయండి. పంపినవారి మెయిల్ ఐడీలో ఎట్ గుర్తు తర్వాతి భాగాన్ని కంపెనీ వెబ్‌సైట్ పేరుతో అక్షరం అక్షరం పోల్చండి. ఇంగ్లిషు ‘ఆర్’, ‘ఎన్’ చిన్న అక్షరాలు పక్కపక్కన పెడితే ‘ఎమ్’లా కనిపిస్తాయి, మోసగాళ్లు వాడే ఎత్తుల్లో అదొకటి. చిన్న అక్షరం ‘ఎల్’ బదులు అంకె 1 పెట్టడం ఇంకొకటి. తర్వాత మెయిల్లో ఇచ్చిన నంబరుకి కాకుండా కంపెనీ వెబ్‌సైట్‌లో మీరే వెతికి పట్టుకున్న నంబరుకి ఫోన్ చేసి, ఫలానా రోజు ఇంటర్వ్యూ ఉందా అని అడగండి. జీమెయిల్ ఐడీ నుంచి వచ్చినంత మాత్రాన దొంగ మెయిల్ అనుకోనక్కర్లేదు, చిన్న కంపెనీలు కొన్ని వాడతాయి. కానీ రిజిస్ట్రేషన్ ఫీజు, లాప్‌టాప్ డిపాజిట్, తిరిగి ఇచ్చేస్తాం అనే సెక్యూరిటీ డబ్బు, ఏ పేరు పెట్టి అడిగినా సరే, ఇంటర్వ్యూకి డబ్బు అడిగితే అది మోసమే. ఈ దశలో బ్యాంక్ అకౌంట్ నంబరు, పాన్ కాపీ, ఓటీపీ ఎవరికీ అవసరం లేదు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు అవతల అకౌంట్‌లో ఆపగలిగే వీలు అంత ఎక్కువ.

ఇదే పిలుపు మెయిల్‌గా కాకుండా ఫోన్‌లో వచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఆ సంగతి కూడా. బస్సులోనో బజారులోనో ఉంటే ‘ఇక్కడ సరిగా వినపడటం లేదండీ, పది నిమిషాల్లో నేనే చేస్తాను’ అనడం తప్పు కాదు. సగం విని సరే సరే అనడమే తప్పు. కంపెనీ పేరు, పోస్టు, తేదీ, టైము, చోటు, మాట్లాడుతున్నవారి పేరు కాగితం మీద రాసుకుని, ఒకసారి తిరిగి చదివి వినిపించండి. చివర్లో ‘ఈ వివరాలు మెయిల్ పంపుతారా’ అని అడగాలి. కన్సల్టెన్సీ వాళ్లు చాలాసార్లు పంపరు. అప్పుడు మీరే వాళ్లకి వాట్సాప్‌లో నాలుగు ముక్కల్లో రాసి పెట్టండి: ఫలానా కంపెనీ, ఫలానా పోస్టు, ఆగస్టు 4 మంగళవారం 11 గంటలు, హాజరవుతాను. రేపు టైము దగ్గర తేడా వస్తే చూపించడానికి అదే ఆధారం.

వీడియో ఇంటర్వ్యూ అయితే జవాబులో అదనంగా రాయాల్సింది ఒకటే, లింకు అందింది, తెరుచుకుంటోంది అని. అది నిజం కావాలంటే ముందు నొక్కి చూడాలి. టీమ్స్, జూమ్ యాప్‌లు అప్పటికప్పుడు అప్‌డేట్ అడుగుతాయి. పేరు గడిలో ఫోన్ మోడల్ పేరు కనిపిస్తూ ఉంటుంది, మార్చుకోండి. విదేశీ కంపెనీ అయితే టైము పక్కన ‘భారత కాలమానం’ అని తప్పక చేర్చండి. న్యూయార్క్‌లో ఉదయం 11 అంటే మనకి మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా రాత్రి 8:30, మిగతా నెలల్లో రాత్రి 9:30. అక్కడ గడియారం గంట జరుపుతారని మరిచిపోయి ఆలస్యంగా చేరే ప్రమాదం నవంబర్‌కన్నా మార్చిలో ఎక్కువ.

మీ దగ్గరికి వద్దాం. మెయిల్ పంపే ముందు జీమెయిల్ సెట్టింగ్స్‌లో ‘అన్‌డూ సెండ్’ వ్యవధిని 5 సెకన్ల నుంచి 30కి పెంచండి. పంపిన వెంటనే కళ్లు పేరు మీద, తేదీ మీద, లక్షల అంకె మీద పడతాయి, తప్పుంటే వెనక్కి తీసుకోవడానికి ఆ అరనిమిషం చాలు. అది దాటాక తప్పు కనిపిస్తే అదే వరసలో ఇంకో మెయిల్: ‘పై మెయిల్లో ప్రస్తుత జీతం తప్పుగా పడింది, సరైన అంకె ఇది’. పదిసార్లు క్షమాపణలు అక్కర్లేదు. జవాబు వస్తుందేమోనని స్పామ్ ఫోల్డర్ కూడా రోజుకోసారి చూడండి, జీమెయిల్ అందులోవి 30 రోజులకి తీసేస్తుంది.

బస్సు టికెట్ చేయించుకునేటప్పుడు 3వ తేదీ రాత్రి బస్సు చూసుకోండి. తెల్లవారుజామున ఎల్బీనగర్‌లో దిగి, తెలిసినవాళ్ల ఇంట్లోనో హాస్టల్లో ఉన్న స్నేహితురాలి దగ్గరో తయారై బయల్దేరొచ్చు. ఎల్బీనగర్ నుంచి మెట్రో రెడ్ లైన్ ఎక్కి అమీర్‌పేటలో బ్లూ లైన్‌కి మారితే మాదాపూర్ వైపు దుర్గం చెరువు, హైటెక్ సిటీ, రాయదుర్గం స్టేషన్లు ఉన్నాయి. ఆఫీసు ఏ బిల్డింగో తెలిస్తే ఎక్కడ దిగాలో తెలుస్తుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించమంటే చూపించండి, అక్కడ వదిలి రాకండి.

3వ తేదీ సోమవారం ఉదయం 11 గంటలకి కూడా మీ ప్రశ్నలకి జవాబు రాకపోతే మళ్లీ మెయిల్ రాయకండి, సంతకంలోని నంబరుకి ఫోన్ చేయండి. ‘నమస్తే మేడమ్, రేపు 11 గంటలకి అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్ ఇంటర్వ్యూకి గుంటూరు నుంచి వస్తున్నానండీ. బిల్డింగ్ నంబరు, లాప్‌టాప్ సంగతి తెలుసుకుందామని చేశాను’ అని చెప్పి, ఆవిడ చెప్పింది రాసుకుని పెట్టేయండి. ఫోన్ ఎత్తకపోతే అదే విషయం ఎస్ఎంఎస్ పంపి, మీ పేరు చివర్లో రాయడం మరిచిపోకండి.